ముఖ్యమంత్రి గారికి ఉయ్యూరు నుంచి

గౌరవనీయులు నారా చంద్రబాబు నాయుడు గారికి,

2024 జూన్ 4న అసెంబ్లీ ఎన్నికల ఫలితాల్లో మీ కూటమికి 175లో 164 స్థానాలొచ్చాయి. ఓడిన పక్షానికి 11 సీట్లే అయినా, నూటికి దాదాపు 40 మంది ఓటేశారు. వాళ్లూ మీ ప్రజలే.

మా వీధిలో అన్నదమ్ముల పిల్లలిద్దరున్నారు. ఒకే బోదె నీళ్లతో పక్కపక్కనే చెరకు పండించినవాళ్లు. చెరో పార్టీ కావడంతో పోలింగ్ నాటి నుంచి మాటల్లేవు. వీరమ్మ తల్లి తిరునాళ్లలో ఎదురుపడి, ముఖాలు తిప్పుకుని పోయారు. చూసిన నాకు కడుపు తరుక్కుపోయింది.

రాగద్వేషాలు లేకుండా పనిచేస్తానని కేసరపల్లిలో ప్రమాణం చేశారు కదా. పింఛనుకూ, కాలువ నీటికీ, పోలీసు స్టేషన్లో ఫిర్యాదుకూ ఎవరిది ఏ పార్టీ అని అడగొద్దని మీ కార్యకర్తలకు మీ నోటితోనే చెప్పండి. కిందటి ప్రభుత్వాన్నీ ఇదే అడగాల్సింది. అడగకపోవడం మా తప్పు. ప్రతిపక్ష నాయకుల్ని కూడా వెంటబెట్టుకుని ఒక్కసారి ఉయ్యూరు రండి సార్.

ఇట్లు,
ఉయ్యూరు ఓటరు