మన ఊరి ఫోన్‌లో తెరుచుకోని వెబ్‌సైట్ ఎవరి కోసం?



ఈ మధ్య గ్రూపులో ఒకటే ప్రశ్న పదేపదే వస్తోంది. "డిగ్రీ అయిపోయింది, వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకుందామనుకుంటున్నా. జాంగో నేర్చుకోవాలా, రియాక్ట్ నేర్చుకోవాలా?" అని. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు మా అభిప్రాయం ఇక్కడే రాస్తున్నాం. మేం నలుగురం. ఏజెన్సీ హాస్టళ్లలో చదువుకుని ఇప్పుడు హైదరాబాద్‌లో, విశాఖలో ఇదే పని చేస్తున్నాం. మేం చేసిన తప్పు చెప్తే మీకు కొంత టైం మిగులుతుందని ఆశ.

రెండేళ్ల కిందట మన పిల్లల కోసం ఒక చిన్న సైటు చేశాం. పాత ప్రశ్నపత్రాలు, స్కాలర్‌షిప్‌కి కావలసిన కాగితాలు, గురుకులం సీటుకి ఎలా అప్లై చేయాలి, అంతే అందులో ఉండేది. కోచింగ్‌లో నేర్పినట్టే కట్టాం. వెనక జాంగో, అది డేటా మాత్రమే ఇస్తుంది. ముందు రియాక్ట్, అది వేరే ప్రాజెక్టు, వేరే సర్వరు. రూమ్‌లో వైఫై మీద భలే పరుగెత్తింది. పండక్కి ఊరెళ్లి తమ్ముడి ఫోన్‌లో తెరిచాం. తెల్ల స్క్రీన్. గుట్ట ఎక్కి, సిగ్నల్ ఒక గీత వచ్చే చోట నిలబడి మళ్లీ చూశాం. మళ్లీ తెల్ల స్క్రీనే. "అన్నా, మీ సైటులో ఏమీ లేదేంటి?" అన్నాడు వాడు. మాకు తల కొట్టేసినట్టయింది.

అసలేం జరిగిందంటే, పాత పద్ధతిలో సర్వరే పేజీ మొత్తం హెచ్‌టీఎంఎల్‌గా తయారుచేసి పంపుతుంది. వండిన అన్నం పంపినట్టు. ఫోన్ వచ్చింది వచ్చినట్టు చూపిస్తుంది, సగం వస్తే ఆ సగమైనా చదువుకోవచ్చు. మేం కట్టిన పద్ధతిలో సర్వర్ ముందు ఖాళీ పేజీ పంపుతుంది, దాని వెనకాల జావాస్క్రిప్ట్ మూట పంపుతుంది. ఫోన్ ఆ మూట విప్పి, నడిపి, మళ్లీ డేటా అడిగి, అది వచ్చాక పేజీ కడుతుంది. బియ్యం, కట్టెలు పంపి నువ్వే వండుకో అన్నట్టు. రియాక్ట్, రియాక్ట్ డామ్ రెండూ కుదించాక కూడా 40 కేబీ దాటుతాయి. దాని మీద మేం వేసిన లైబ్రరీలు కలిపితే మూట ఎన్నో రెట్లు పెరిగింది. మూట పూర్తిగా రాకపోతే కనిపించేది ఏమీ ఉండదు.

పైగా మా పని కూడా రెండింతలైంది. జాంగోలో లాగిన్‌కి సెషన్ రెడీగా ఉన్నా దాన్ని వదిలేసి టోకెన్లు పెట్టాం. ఆ టోకెన్‌ని బ్రౌజర్ లోకల్ స్టోరేజ్‌లో దాచాం. ఏదైనా దొంగ స్క్రిప్ట్ పేజీలోకి దూరితే దాన్ని చదివేయగలదని తర్వాత తెలిసింది. ఫారం సరిగ్గా నింపారో లేదో చూసే కోడ్ రియాక్ట్‌లో ఒకసారి, జాంగోలో ఒకసారి రాశాం. ఒకచోట మార్చి రెండోచోట మర్చిపోయిన రోజులు చాలా ఉన్నాయి.

రూబీ ఆన్ రైల్స్ 2004లో, జాంగో 2005లో, లారావెల్ 2011లో జనంలోకి వచ్చాయి. ఇవన్నీ సర్వర్ నుంచే పేజీ పంపేవి. జాంగో పుట్టింది అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో ఒక ఊరి న్యూస్‌పేపర్ ఆఫీసులో. 2013లో రియాక్ట్, 2014లో వ్యూ వచ్చాయి. అక్కడి నుంచి ముందుభాగం, వెనకభాగం విడగొడితేనే కొత్తదనం అనే మాట బలపడింది. ఇప్పుడు చాలామంది మళ్లీ కలుపుతున్నారు. కలపడానికి మాకు తెలిసిన దారులు మూడు.

ఒకటి, హెచ్‌టీఎంఎక్స్. 2020లో వచ్చింది, కుదించాక 20 కేబీ లోపే. బటన్ నొక్కితే సర్వర్ ఒక ముక్క హెచ్‌టీఎంఎల్ పంపుతుంది, అది పేజీలో ఆ చోట అతుక్కుంటుంది. పేజీ మొత్తం మళ్లీ లోడ్ కాదు.

రెండు, పేజీ అంతా జాంగోదే. ఎక్కువ నొక్కుళ్లు, మార్పులు ఉండే ఒక్క చోట మాత్రం వ్యూ గానీ రియాక్ట్ గానీ పెట్టడం. డేటాని పేజీలోనే భద్రంగా పెట్టి ఇవ్వడానికి జాంగోలో జేసన్ స్క్రిప్ట్ అనే ఫిల్టర్ ఉంది. వేరే ఏపీఐ అక్కర్లేదు.

మూడు, ఇనర్షియా. లారావెల్ వాళ్లలో బాగా వాడకంలో ఉంది, జాంగోకి, రైల్స్‌కి కూడా అడాప్టర్లున్నాయి. స్క్రీన్లన్నీ రియాక్ట్‌లోనో వ్యూలోనో ఉంటాయి. రూటింగ్, లాగిన్, సెషన్ మాత్రం సర్వర్ చేతిలోనే. ఏ స్క్రీన్ చూపించాలో, ఏ డేటా ఇవ్వాలో సర్వరే చెప్తుంది. డెవలపర్‌కి రెండింతల పని తప్పుతుంది. అయితే ఒక మాట. సర్వర్ మీద నోడ్ నడిపి మొదటి పేజీని ముందే తయారుచేస్తే తప్ప, ఫోన్‌కి ఆ జావాస్క్రిప్ట్ మూట బరువు తప్పదు. అంటే ఇనర్షియా మన కష్టం తగ్గిస్తుంది గానీ, గుట్ట మీద నిలబడ్డ తమ్ముడి కష్టం దానంతటదే తగ్గించదు. ఈ తేడా ఎవరూ చెప్పరు, అందుకే చెప్తున్నాం.

మేం మా సైటుని మొదటి రెండు దారులు కలిపి మళ్లీ రాశాం. కాగితాల లిస్టు, ప్రశ్నపత్రాలు సర్వర్ నుంచే వస్తాయి. నాలుగు ప్రశ్నలకు జవాబిస్తే ఏ స్కాలర్‌షిప్‌కి అర్హత ఉందో చూపించే చోట మాత్రం వ్యూ పెట్టాం. జావాస్క్రిప్ట్ రాకపోయినా ఫారం మామూలుగా సబ్మిట్ అవుతుంది. అదే గుట్ట, అదే ఫోన్. నిదానంగానే వచ్చింది, కానీ వచ్చింది.

"ఉద్యోగానికి రియాక్ట్ అడుగుతున్నారు కదా" అంటారు. నిజమే, నేర్చుకోండి. కానీ వరస ముఖ్యం. ముందు హెచ్‌టీఎంఎల్, ఫారాలు, హెచ్‌టీటీపీ, డేటాబేస్, ఒక సర్వర్ ఫ్రేమ్‌వర్క్. తర్వాత జావాస్క్రిప్ట్ గట్టిగా. ఆ తర్వాత రియాక్ట్. కుకీ అంటే ఏంటో తెలియకుండా రియాక్ట్ మాత్రమే పట్టుకున్నవాళ్లు ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే ఆగిపోవడం మేం చూశాం. మేమూ అలా ఆగినవాళ్లమే.

ముందుభాగం బరువుగానే ఉండాల్సిన పనులు కూడా ఉన్నాయి. అసలు నెట్టే లేని గూడెంలో సర్వే వివరాలు ఎక్కించి, సంతకి దిగాక పంపాలంటే ఫోన్‌లోనే పని జరగాలి. అక్కడ సర్వీస్ వర్కర్ పెట్టి జావాస్క్రిప్ట్‌తో కట్టడమే సరి. పనిని బట్టి, వాడే మనిషిని బట్టి ఎంచుకోవాలి. పక్కవాడు వాడుతున్నాడని కాదు.

సైటు తెరుచుకోకపోతే మన అమ్మానాన్నలు ఏం చేస్తారో మీకు తెలుసు. కూలి మానుకుని, ఆటో ఎక్కి మండలానికి పోయి, నెట్ సెంటర్‌లో డబ్బులిచ్చి అదే ఫారం నింపించుకుంటారు. ఆఖరి తేదీ దాటితే పిల్లాడి సంవత్సరమే పోతుంది. పట్నం ఫోన్లు చూసి సైట్లు కట్టేవాళ్లకు ఇది కనిపించకపోవచ్చు. మనకి కనిపిస్తుంది. మన గూడేల నుంచి ఈ పనిలోకి వచ్చిన మొదటి తరం మనదే. మనమూ పట్టించుకోకపోతే ఇంకెవరు పట్టించుకుంటారు?

అందుకే ఒక్కటే అడుగుతున్నాం. ఏ ప్రాజెక్టు చేసినా, పూర్తయింది అనే ముందు క్రోమ్ డెవ్‌టూల్స్‌లో నెట్ స్పీడు బాగా తగ్గించి ఒకసారి తెరవండి. సెలవులకి ఊరెళ్లినప్పుడు ఇంట్లో ఉన్న పాత ఫోన్‌లో ఇంకోసారి తెరవండి. అక్కడ నడిస్తే ఎక్కడైనా నడుస్తుంది.

నేర్చుకోవడం మొదలుపెట్టాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు మొహమాటపడకుండా అడగండి. ఆదివారాలు మేం ఖాళీగానే ఉంటాం. జోహార్.