మంచు మీద మరక



పొదుగుతున్న పెట్టను మాటిమాటికీ కదిలిస్తే గుడ్లు మురిగిపోతాయని మన పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. గంప లేదు, గడ్డి లేదు, కాళ్ల కింద గడ్డకట్టిన సముద్రం. అటువంటి చోట గుడ్డు పెట్టే పక్షి ఒకటున్నది. అది అంటార్కిటికాలోని ఎంపరర్ పెంగ్విన్. మే, జూన్ నెలల చీకటి చలికాలంలో తల్లి ఒకే ఒక గుడ్డు పెట్టి మేతకు సముద్రానికి పోతుంది. తండ్రి దాన్ని పాదాల మీద పెట్టుకొని, పొట్ట కింది చర్మంతో కప్పి, రెండు నెలలకు పైగా తిండి లేకుండా నిలబడతాడు. పిల్లకు మొదట ఉండేది నూగు మాత్రమే, అది నీటికి ఆగదు. అసలు ఈకలు వచ్చే డిసెంబరు నాటి వరకు కింది మంచు విరగకూడదు.

మనుషులు పోలేని ఆ తీరాలలో ఈ పక్షుల సంగతి తెలిసేదెట్లా? ఉపగ్రహపు ఫోటోలో ఒక్కొక్క చుక్క భూమి మీద ఒక ఇంటి స్థలమంత ఉంటుంది. నాలుగడుగుల పెంగ్విన్ అందులో కనబడదు. కనబడినది వాటి రెట్ట! వేలాది పక్షులు నెలల తరబడి ఒకేచోట నిలబడినందున తెల్లని మంచు మీద గోధుమరంగు మరక పడింది. బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వేకు చెందిన పీటర్ ఫ్రెట్‌వెల్, ఫిల్ ట్రాథన్ ఆ మరకలనే వెదకి, 2009లో 38 గుంపులను చూపించారు. వాటిలో 10 అంతకుముందు ఎవరికీ తెలియనివి. మనము ఛీ అని కడిగివేసేది శాస్త్రజ్ఞులకు చిరునామా అయింది! 2012లో మరింత స్పష్టమైన ఫోటోలతో లెక్కించగా పక్షులు 5 లక్షల 95 వేలని తేలింది. అది అంతకుముందు అనుకున్నదానికి దాదాపు రెండింతలు.

ఆ సంతోషం ఎక్కువ కాలం నిలువలేదు. హాలీ బేలోని గుంపు అంతకుముందు ప్రపంచంలో రెండవ పెద్దదిగా ఉండేది. 2016లో పిల్లలకు ఈకలు రాకముందే తుఫానుకు అక్కడి మంచు విరిగిపోయింది. 2017, 2018లలోనూ పిల్లలు దక్కలేదు. అయితే సుమారు 55 కి.మీ. దూరాన ఉన్న డాసన్-లాంబ్టన్ గుంపు అదే కాలంలో బాగా పెరిగింది. కొన్ని పెద్ద పక్షులు అక్కడికి తరలిపోయినట్లున్నాయి. కాని 2022లో బెల్లింగ్స్‌హౌజెన్ సముద్రతీరాన అంతకంటె ఘోరం జరిగింది. అక్కడి 5 గుంపులలో 4 గుంపుల పిల్లలు మొత్తం పోయాయి. సెంటినెల్-2 ఫోటోలలో మరకలుండవలసిన చోట నల్లని నీళ్లున్నాయి. ఇరుగుపొరుగు గుంపులన్నిటికీ ఒకేసారి అట్లా జరిగితే, తరలిపోవడానికి మంచిచోటు ఏది?

ఫోటో తీయాలంటే వెలుతురు కావాలి గనుక చలికాలపు చీకటిలో ఈ పద్ధతి పనిచేయదు. అప్పుడు మంచు నుండి సహజంగా వెలువడే మైక్రోవేవ్ తరంగాలను పట్టే ఉపగ్రహాలే దిక్కు. వాటికి చీకటి, మబ్బు అడ్డుకావు. 1979 నుండి సముద్రపు మంచు విస్తీర్ణాన్ని అవి ఎడతెగక కొలుస్తున్నాయి. దక్షిణాన అది చాలా ఏండ్లు పెద్దగా తగ్గలేదు, కొంత పెరిగింది కూడా. 2016 నుండి పడిపోయింది. 2023 ఫిబ్రవరిలో అంతకుముందెన్నడూ కొలవనంత తక్కువకు చేరింది.

ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహం ప్రతి చుట్టులోనూ అంటార్కిటికా దాటుతుంది. అందుకే హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం అక్కడి మన భారతి స్థావరంలో ఒక గ్రౌండ్ స్టేషన్ నెలకొల్పింది. అక్కడ పట్టిన సమాచారం షాద్‌నగర్‌కు చేరుతుంది. 2024లో మరి నాలుగు మరకలు దొరికాయి. దానితో తెలిసిన ఎంపరర్ గుంపులు 66 అయినవి.