నిన్నటి రొట్టె, ఇవాళ్టి కరకర

పోయినవారం కల్లూరులో మా వదినగారింట్లో చిన్న పేచీ వచ్చింది. హైదరాబాదు పుట్టింటినుంచి వస్తూ కొత్తకోడలు "పాంకో" అనే పొట్లం తెచ్చింది. వదిన విప్పి చూసి, "ఇంతాచేసి రొట్టెపొడేనా! దీనికింత డబ్బు పోయాలా?" అన్నది. కోడలు మొహం చిన్నబోయింది.

అసలు సంగతి వేరు. కిందటి పండక్కి వదిన రస్కులు మెత్తగా దంచి, ఆ పొడి అద్ది కట్‌లెట్లు చేసింది. అవి నూనె పీల్చుకొని, చుట్టాల ముందు చేతికి అంటుకొన్నాయి. కోడలు ఈ పొట్లం తేవడం తనను వెక్కిరించినట్లు తోచింది. తీర్పు నామీద పడింది.

ఇద్దరిదీ సగం సగం నిజమే. పాంకో జపానువారి రొట్టెపొడి. పోర్చుగీసువారు 1543లో జపాను చేరారు. రొట్టెకు వారి మాటే అక్కడ "పాన్" అయింది. "కో" అంటే పొడి. మన బొంబాయి "పావ్" కూడా ఆ మాటకు చుట్టమే! పాంకోకోసం కార్ఖానాల్లో పిండిముద్దలోకి విద్యుత్తు పంపి రొట్టె కాల్చే పద్ధతి ఒకటుంది. ముద్ద లోపలే వేడెక్కి ఉడుకుతుంది గనుక పైన ఎర్రని చెక్కు కట్టదు. ఆ తెల్లరొట్టెను దంచరు, పెద్ద పొరలుగా కోరి ఆరబెడతారు. అక్కడివారు దాన్ని రొయ్యలకూ, మాంసానికీ, మన కట్‌లెట్‌వంటి బంగాళాదుంప "కొరొక్కె"కూ అద్దుతారు.

కీలకం ఆ పొరల్లో ఉంది. మెత్తని పొడి గట్టిగా అతుక్కొని నూనె పట్టుకొంటుంది. పొరల మధ్య సందులుంటే ఆవిరి పోతుంది, నూనె జారుతుంది, కరకర నిలుస్తుంది.

మరి ఇంట్లో? నిన్నటి రొట్టె తీసుకొని అంచులు కోసెయ్యండి. కారెట్టు తురుమే పీటకున్న పెద్ద కన్నాలమీద తేలిగ్గా తురిమి, పెనంమీద సన్నసెగను రంగు మారకుండా ఆరనివ్వండి. చల్లారాక మూత గట్టిగా పట్టే డబ్బాలో పొయ్యండి. బూజు వాసన తగిలిన రొట్టెను మాత్రం పారెయ్యండి. పొదుపు పేరుతో పిల్లలకు పెట్టకండి. అంచులు వేయించి ఉప్మాలో కలపవచ్చు.

నాలుగు బంగాళాదుంపలు ఉడికించి, తడి లేకుండా చిదిమి, ఉడికిన బఠాణీలు, అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పు కలిపి బిళ్లలు చెయ్యండి. మైదా జారులో ముంచి, తురుము అద్ది, పావుగంట ఆగండి. నూనెలో ఒక పలుకు వేస్తే వెంటనే బుసబుసమని పైకి తేలాలి. అప్పుడే బిళ్లలు వెయ్యండి. ఒకేసారి మూకుడు నింపితే నూనె చల్లబడి మళ్లీ పాత కథే!

ఆ సాయంత్రం రెండు పళ్లాలు చేశాం: ఒకటి పొట్లంది, ఒకటి ఇంటి తురుముది. పిల్లలకు తేడా పట్టలేదు. వదిన ఒకటి కొరికి, "తప్పు రొట్టెది కాదు, నా రోకలిది" అన్నది. కోడలు నవ్వి, రెండో వాయి వెయ్యడానికి లేచింది.