పన్నెండు నెలల కారం

తెలుగులో ఎమ్మే చదివినవాడికి ఊళ్ళో కొన్ని జీతంలేని ఉద్యోగాలు తప్పవు. శుభలేఖలో పద్యం సరిచూడడం, సన్మానపత్రం రాయడం, కరెంటాఫీసుకు అర్జీ పెట్టడం వగైరా. 2023 సంక్రాంతి వెళ్ళిన వారంలో వీటికి మరొకటి చేరింది. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న అమ్మాయి, ఇప్పుడు మా పర్చూరు కోడలు, కాగితాల కట్ట ఒకటి పట్టుకువచ్చి, "మాస్టారూ, కారం మిల్లు పెడుతున్నాం. ఈ ప్రాజెక్టు రిపోర్టు కాస్త మంచి భాషలో రాసిపెట్టండి" అంది.

భాషకేం, దివ్యంగానే ఉంది. డబ్బిచ్చి రాయించారట. నేను ఆగింది ఒక అంకె దగ్గర. మొత్తం ఖర్చు పది లక్షలు. అందులో షెడ్డుకూ యంత్రాలకూ ఎనిమిది, సరుకుకు రెండు.

"ఏడాదికి ఎన్ని క్వింటాళ్ళు ఆడిద్దామని?"

"నలభై అనుకుంటున్నామండీ."

క్వింటాలు 20,000 వేసుకున్నా మిరపకాయలకే ఎనిమిది లక్షలు. మిగతా ఆరు ఎక్కడివి? అమ్మాయి తల వంచుకుని, "మా అత్తయ్యగారి చంద్రహారం ఉంది లెండి" అంది.

లోపలినుంచి మా ఆవిడ గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

ప్రభుత్వం సాయం చేయదని కాదు. 2008లో మొదలైన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం కింద ఊళ్ళో మిల్లు పెట్టే ఆడవాళ్ళు నూటికి అయిదు తెచ్చుకుంటే చాలు, తక్కినది బ్యాంకు ఇస్తుంది. మొత్తంలో ముప్ఫై అయిదో వంతు కాదు సుమా, నూటికి ముప్ఫై అయిదు రాయితీ. అయితే ఆ రాయితీ చేతికి రాదు. మూడేళ్ళు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి, మిల్లు నిజంగా నడుస్తోందని చూశాక అప్పులో జమ అవుతుంది. ఊళ్ళో చాలామంది ఈ సంగతి తెలియక రాయితీ సొమ్ముతో సరుకు కొనవచ్చునని లెక్కలు వేస్తారు. ఇంకొక మెలిక ఉంది. ఆ పథకం ప్రాజెక్టు ఖర్చులో సరుకు పెట్టుబడిని ఒక్క విడతకే ఒప్పుకుంటుంది. బిస్కెట్లు చేసేవాడికి విడత అంటే నెల కావచ్చు. మిరపకాయ ఏడాదికి ఒక్కసారే కల్లానికి వచ్చే పంట కదా!

దరఖాస్తు సంగతి పెద్దగా చెప్పనక్కరలేదు, కంప్యూటర్లో పెట్టుకోవచ్చు. మా ఊరు కదలకుండానే 1970లో గుంటూరు జిల్లా వదిలి ఒంగోలు వైపు, 2022లో బాపట్ల వైపు మళ్ళింది కనుక ఇది ఒక విధంగా మాకు మేలే.

నాకు అప్పుడు కాకినాడ గుర్తువచ్చింది. 1964-65లో డేవిడ్ మెక్లెలాండ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థతో కలిసి, కాకినాడ వ్యాపారస్తులకు కొద్దిరోజుల శిక్షణ ఇప్పించాడు. వాళ్ళకు పద్దులు నేర్పడం కాదు, బొమ్మలు చూపించి కథలు రాయించారు! కథలో మనిషి ఏం కోరుకున్నాడు, ఏ అడ్డంకి వస్తుందని ముందే ఊహించాడు, దానికేం చేశాడు - ఇదీ చూసేది. శిక్షణ పొందినవాళ్ళు పొందనివాళ్ళకంటె చురుగ్గా వ్యాపారాలు పెంచారని 1969లో అచ్చయిన పుస్తకంలో రాశారు. కథలంటే పనిలేనివాళ్ళ వ్యాపకమనేవారికి ఈ సంగతి చెప్పి చూస్తుంటాను.

"అమ్మాయ్, రిపోర్టు పక్కన పెట్టు. నీ మిల్లు కథ నెలవారీగా చెప్పు" అన్నాను.

చెప్పింది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కాయ కొంటుంది. తొడిమలు తీయించి, తాలు ఏరించి, ఎండబెడుతుంది. ఏప్రిల్, మే ఆవకాయ రోజులు, కారం దానంతటదే పోతుంది. జూలైలో ముసురు. అక్కడ ఆగింది. ఆగస్టుకు కాయ అయిపోతే కోల్డ్ స్టోరేజిలో ఉన్నది ఎక్కువ ధర పెట్టి కొనాలి, తక్కువకి అమ్మే పెద్ద కంపెనీల ప్యాకెట్లు పక్కనే ఉంటాయి.

మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి, "ఆ నెలల్లో ఎవరికాయలు వాళ్ళు తెచ్చుకుంటే పట్టిపెట్టకూడదా? మేమంతా డబ్బాలు పట్టుకుని పక్కూరు పోవడం లేదూ?" అంది. నాలుగు గంటలుగా మా ఇద్దరికీ తట్టని మాట!

అంకెలు మార్చాం. కాస్త చిన్న యంత్రం, షెడ్డుకు బదులు ఇంటి పక్క వసారా. అటు ఆరు లక్షలు, సరుకుకు నాలుగు. ఇరవై క్వింటాళ్ళు సొంతానికి, తక్కిన రోజులు కూలికి పట్టడం. ఆహార భద్రతా నమోదు, ఉద్యమ్ నమోదు చేయించుకుంది. అప్పు మంజూరయింది. చంద్రహారం పెట్టెలోనే ఉంది.

ఇప్పుడు వచ్చిన చిక్కల్లా అరువుతో. ఉద్యమ్‌లో నమోదైనవారి సరుకు తీసుకున్నవారు ఒప్పందమున్నా నలభై అయిదు రోజుల్లో డబ్బివ్వాలనీ, లేకపోతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టాలనీ 2006 నాటి చట్టం చెబుతోంది. ఆ మాటే చెప్పాను.

"నిజమే మాస్టారూ. కానీ ఆ కొట్టాయన మావారికి వరసకి మేనమామ."

కిందటి దసరాకి ఆ మేనమామ వాళ్ళింటికి రాలేదట. కొట్టుకి ప్యాకెట్లు మాత్రం రొక్కానికే వెళుతున్నాయి.