కుమ్మరివాడలో కానరాని విషము

కంటికి కానరాని విషమెట్టిదో నల్లగొండ ప్రజలకు వేరుగ చెప్పనక్కరలేదు. ఆ సీమ నూతినీటిలోని ఫ్లోరైడునకు రంగు లేదు, వాసన లేదు. ఎముకలు వంగిన పిమ్మటనే అది లోకమునకు తెలిసినది. పటికయు సున్నమును వేసి నీటిని శుద్ధిచేయు పద్ధతికి నల్లగొండ పేరు నిలిచినది; అంతలో తరములు కుంగిపోయినవి. అట్టి యుపేక్షయే నేడు నల్లగొండ, మహబూబునగరము సీమల కుమ్మరివాడల యెడల జరుగుచున్నదని మేము హెచ్చరింపవలసియున్నది.

కుమ్మరము నిరపాయమగు వృత్తియని పలువురి తలంపు. ఎండిన మట్టిని దంచి జల్లించునపుడు లేచు సన్నని ధూళిలో సిలికా యుండును. అది యేండ్ల తరబడి ఊపిరితిత్తులలో చేరినచో సిలికోసిస్ అను నయముకాని వ్యాధి కలుగును. ఇక ఐరేని కుండలకును, బోనాల ఘటములకును సున్నము, జాజు, పసుపులకు మారుగ అంగడి రంగులు వచ్చినవి. ఎరుపు, పసుపు చమురు రంగులలో సీసము కలుపుట పాత వాడుక. సీసము రక్తమును క్షీణింపజేయును. పసివారి బుద్ధివికాసమును చెరచును. ఇంతవరకు నిరపాయమని చెప్పదగిన మోతాదు దానికి లేదు.

1700లోనే ఇటలీ వైద్యుడు రామజ్జీని సీసపు పూత పూయు కుమ్మరుల వ్యాధులను వర్ణించెను. మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము సీసవిషమును, సిలికోసిసును ప్రకటింపవలసిన వ్యాధులలో చేర్చెను. గృహోపయోగపు రంగులలో సీసము పదిలక్షలకు 90 పాళ్లు మించరాదను నియమము 2017 నవంబరున అమలునకు వచ్చెను. ఫలమేమి? యంత్రశక్తి యున్నచో 10 మంది, లేనిచో 20 మంది పనిచేసిననే అది ఫ్యాక్టరీ యని ఆ చట్టము పలికెను; 2020 నాటి స్మృతి ఆ సంఖ్యలను 20కిని 40కిని పెంచెను. ఆలుబిడ్డలతో ఇంటిముంగిట సారె త్రిప్పువాడు ఏ లెక్కలోనికి వచ్చును?

మట్టిని తడిపి పనిచేయుట, నేలను ఊడ్వక తడిగుడ్డతో తుడుచుట, రంగులున్నచోట భుజింపకుండుట, ఆవమున టైర్లను, ప్లాస్టిక్కును కాల్చకుండుట స్వల్పవ్యయముతో సాధ్యములే. కాని భారమంతయు పేదవానిపై మోపుట న్యాయము కాదు. ప్రభుత్వము కుమ్మరివాడలకు వైద్యులను పంపి ఊపిరితిత్తులను, రక్తమును పరీక్షింపవలెను. సీసము లేని రంగులను సరసమగు ధరకు అందింపవలెను. పెండ్లికి, పండుగకు కుండ కొను గృహస్థులు తళుకు రంగులను కోరుట మానవలెను. నీటి విషయమున ఎముకలు వంగువరకు వేచియుంటిమి. కుమ్మరి ఊపిరి ఆగువరకు వేచియుండుట మనకు తగదు.