పాత అంబాసిడర్, కొత్త యజమాని

పదవీ విరమణ సమీపించిన మిత్రులలో కొందరికి పాత అంబాసిడర్ కారుపై మక్కువ పుడుతున్నది. దానిని మేము తప్పు పట్టము. 1957లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో మొదలై, 2014లో ఉత్తరపారాలో ఉత్పత్తి ఆగేవరకు రూపురేఖలు పెద్దగా మారని బండి అది. కార్బురేటర్ కాలపు బండిలో బానెట్ ఎత్తితే ప్రతి భాగమూ చేతికి అందుతుంది.

అయితే గ్రాట్యుటీ సొమ్ముతో వెళ్ళిన మిత్రుడు చూసేది మెరిసే పెయింటును, వినేది ఇంజను శబ్దాన్ని. ఇంజను చెడితే బోరింగు చేయించవచ్చును. కానీ ఈ కారుకు లారీకి వలె విడిగా ఛాసిస్ లేదు. బరువు మోసేది బాడీయే. కనుక కాళ్ళకింది మ్యాట్లు ఎత్తి చూడవలెను. తలుపుల దిగువనున్న రేకును స్క్రూడ్రైవరుతో గట్టిగా నొక్కవలెను. (అమ్మేవారు ముఖం చిట్లించినా సరే.) లప్పం కింద తుప్పు దాగి ఉంటే బండి బలమే పోయినట్లు. సముద్రతీర పట్టణాలలో తిరిగిన బండికి ఈ పరీక్ష మరింత అవసరం.

ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తున్నది. పాతకాలపు రబ్బరు గొట్టాలు దానికి ఉబ్బి, పగులుతాయి; వేడి ఇంజనుపై పెట్రోలు కారితే ఏమగునో తెలిసినదే. కొనగానే గొట్టాలు మార్పించవలెను.

2021 నాటి కేంద్ర నిబంధనల మేరకు, 50 ఏళ్ళు దాటి అసలు రూపం చెడని వాహనాలకు వింటేజ్ రిజిస్ట్రేషన్ లభిస్తుంది. అట్టి బండిని నిత్యం రోడ్డుపై తిప్పరాదు. మనుమలను రోజూ బడికి దింపదలచిన తాతగార్లు ఈ సంగతి ముందే గమనించ ప్రార్థన.