లింకు ఉంటే ఫైలు ఉన్నట్టేనా?

"ఎక్కించేశాం, లింకు పంపేశాం, ఇక పోదు." పాత తెలుగు పుస్తకాలు స్కాన్ చేసేవాళ్ళ దగ్గర్నుంచి పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళ దాకా అందరిదీ ఇదే ధీమా. దేన్ని చూసుకుని అని అడిగితే, "అంత పెద్ద సైటు ఎక్కడికి పోతుందండీ?" అంటారు. ఎక్కడికి పోతుందో చూద్దాం.

మెగాఅప్‌లోడ్ కంటే పెద్దదా మీది? పదిహేను కోట్ల మంది సభ్యులున్నారని చెప్పుకున్న ఫైళ్ళ పంపకం సైటది. 2012 జనవరి 19న అమెరికా న్యాయశాఖ దాన్ని మూయించింది. సినిమాలు దొంగచాటుగా పంచినవాళ్ళ ఫైళ్ళే పోయాయనుకుంటున్నారా? ఒహాయోలో బడిపిల్లల ఆటపోటీలు చిత్రించి పొట్టపోసుకునే ఒకాయన సొంత వీడియోలూ అందులోనే ఇరుక్కున్నాయి. ఆయన సొంత హార్డ్‌డిస్క్ సరిగ్గా ఆ రోజుల్లోనే చెడిపోయింది. తన కష్టం తనకిప్పించమని ఆయన కోర్టుకెక్కాల్సి వచ్చింది. మరోపక్క, ఆ కంపెనీకి సర్వర్లు అద్దెకిచ్చిన డచ్చి సంస్థ లీజ్‌వెబ్ 630 సర్వర్లను 2013లో తుడిచిపారేసింది. వాటిలో ఎవరి సొంత ఫైళ్ళున్నాయో విడదీసి చూసిన నాథుడు లేడు.

"అది కేసుల్లో పడ్డ కంపెనీ, మాది అలాంటిది కాదు" అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. అలాంటిదే మరో సైటు జిప్పీషేర్‌ను ఏ పోలీసు మూశాడు? ప్రకటనల రాబడి పడిపోయింది, కరెంటు ఖర్చు పెరిగింది, ఇక నడపలేమని చెప్పి 2023 మార్చి నెలాఖరుకు వాళ్ళే తలుపులేసుకున్నారు. నడిచిన రోజుల్లో మాత్రం ఏం దాచారు? నెలరోజులపాటు ఎవరూ దించుకోని ఫైలును తీసేయడం వాళ్ళ నియమం. ఆ నియమాన్ని దాచిపెట్టలేదు కూడా. చదవనిది మనం.

సైటు బతికే ఉన్నా మీకు అందుతుందన్న హామీ ఎవరిచ్చారు? 2020 మే నెలలో ఫైళ్ళు పంపే వియ్‌ట్రాన్స్‌ఫర్ సైటును నిలిపేయమని మన టెలికాం శాఖ ఆదేశించింది. ఆ ఆదేశం అమలైన రోజున లింకు నొక్కినవాడికి కంపెనీ లాభనష్టాలతో పనేముంది? గూగుల్ సంగతీ అంతే. రెండేళ్ళు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగిస్తామని చెప్పి, 2023 డిసెంబరు నుంచి ఆ పని మొదలుపెట్టింది. ఇంటి పెద్దాయన పోయాక ఆయన ఖాతాను రెండేళ్ళలోపు తెరిచేదెవరు?

ఈ సేవలు ఫైలును ఒక చేతి నుంచి మరో చేతికి అందించడానికి పుట్టాయి. ఆ పని చక్కగా చేస్తాయి, కాదనను. అందించేవాణ్ణి పట్టుకుని కాపలాదారు అనడమే తప్పు. దాచడానికే పుట్టినవాటికీ హామీ లేదు. పాత పుస్తకాలను స్కాన్ చేసి ఉంచిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సర్కారు అండతో, పెద్ద పెద్ద విద్యాసంస్థల చేతుల మీదుగా నడిచింది. ఆ పాత సైటే తెరుచుకోవడం మానేసింది. అందులోని తెలుగు పుస్తకాలు ఇవాళ ఆర్కైవ్.ఆర్గ్‌లో దొరుకుతున్నాయంటే, ముందుచూపున్నవాళ్ళు అవి పోకముందే నకళ్ళు తీసి పెట్టబట్టే. కాపాడింది రెండో నకలు.

మనవాళ్ళు ఇంకో ఘోరం చేస్తారు. గ్రంథకర్త పేరుండదు, ముద్రణ సంవత్సరం ఉండదు, ఎన్ని పేజీలో ఉండదు. "స్కాన్ 001" అన్న ఫైలుకు ఒక లింకు, అంతే. లింకు చచ్చిన రోజున పోయింది ఏ కూర్పో చెప్పే ఆనవాలైనా మిగలదు. అరుదైన ప్రతిని చెదలకు వదిలేసినవాణ్ణి తిట్టే మనం, దీన్ని సాహిత్య సేవ అని మెచ్చుకుంటున్నాం!

హార్డ్‌డిస్కులు కొనే స్తోమత లేదంటారా? స్కానరు కొన్నారు, నెలల తరబడి రాత్రిళ్ళు కూర్చుని పేజీలు తిప్పారు. రెండు ఊళ్ళలో రెండు డిస్కులు పెట్టి, ఏడాదికోసారి తెరిచి చూసుకోవడం ఆ శ్రమ ముందు ఎంత? ఆ పని చేశాక లింకులు ఎన్నయినా పంచండి.